చిల్లర ఖర్చుకు క్రిప్టో: తీసేసిన మధ్యవర్తి మళ్లీ ఎందుకొచ్చాడు?

రెండు డాలర్ల ఫాంట్, అయిదు డాలర్ల గేమ్, నెలకు మూడు డాలర్ల క్లౌడ్ స్టోరేజీ. ఇలాంటివి ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చెల్లింపు పేజీలో కార్డు గుర్తుల పక్కనే బిట్‌కాయిన్ గుర్తు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. అయినా ఆ బటన్ నొక్కేవాళ్లు తక్కువే. ఎందుకని అడిగితే, దాని ధర నిలకడగా ఉండదు కదా అంటారు. అది సగం జవాబే. ధర నిలకడగా ఉండే కాయిన్లు వచ్చి పదేళ్లు దాటింది, చిల్లర కొనుగోళ్ల తీరు మాత్రం పెద్దగా మారలేదు. అసలు చిక్కు ఖర్చు పడే పద్ధతిలో ఉంది. ఎంత ఖరీదైన వస్తువు కొన్నారని కాదు, ఎన్నిసార్లు చెల్లించారని చూసి ఇక్కడ ఖర్చు పడుతుంది. వెయ్యి డాలర్లు పంపేవాళ్లు పట్టించుకోని ఖర్చే రెండు డాలర్లు పంపేవాళ్లకు తడిసి మోపెడవుతుంది.

నిజానికి చిన్న చెల్లింపుల సంగతి ఈ వ్యవస్థను తయారుచేసినవారికి తట్టక కాదు. 2008 అక్టోబర్ 31న సతోషీ నకమోటో పేరుతో వెలువడిన బిట్‌కాయిన్ పత్రం ఉపోద్ఘాతంలోనే ఆ ప్రస్తావన ఉంది. అక్కడి వాదన సూటిగా ఉంటుంది. ఆన్‌లైన్ చెల్లింపుల్లో బ్యాంకులో, కార్డు కంపెనీలో మధ్యలో ఉంటాయి. కొన్నవారికీ అమ్మినవారికీ తగాదా వస్తే అవే తీర్చాలి, డబ్బు వెనక్కి ఇప్పించాలి. ఆ పనికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు ప్రతి చెల్లింపు మీదా పడుతుంది. దాంతో ఒక మొత్తానికి తక్కువైన చెల్లింపులు గిట్టుబాటు కాకుండా పోతాయి. మధ్యవర్తి అవసరమే లేని, ఒకసారి జరిగితే వెనక్కి తీసుకోలేని చెల్లింపు ఉంటే ఈ బాధ తప్పుతుందన్నది ఆ ఆలోచన.

కార్డుల విషయంలో ఈ వాదనను తప్పుపట్టలేం. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అమెరికాలో చాలాకాలంగా అందరికీ తెలిసిన రేటు 2.9 శాతం, దానిమీద 30 సెంట్లు. వంద డాలర్ల అమ్మకంలో పోయేది 3 డాలర్ల 20 సెంట్లు. ఒక డాలర్ అమ్మకంలో పోయేది దాదాపు 33 సెంట్లు, అంటే మూడో వంతు. శాతం కాదు, ఆ 30 సెంట్ల స్థిర రుసుమే చిన్న కొనుగోలును మింగేస్తుంది. ఫోన్ యాప్‌లలో వస్తువులను విడివిడిగా కాకుండా 'కాయిన్ ప్యాక్'లుగా అమ్మడానికి ఇదీ ఒక కారణం. బిట్‌కాయిన్ ఈ స్థిర రుసుమును తీసేస్తానంది. తీసేసిన చోటే, వేరే పేరుతో, ఇంకో స్థిర రుసుము పెట్టింది.

బైట్ల లెక్క

బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకు ఒక బ్లాక్, అంటే లావాదేవీలు రాసే పద్దు పుస్తకంలో ఒక పేజీ లాంటిది, వస్తుంది. ఒక్కో బ్లాక్‌లో పట్టే లావాదేవీలకు హద్దుంది. 2010లో పెట్టిన ఒక మెగాబైట్ పరిమితి ప్రకారం సెకనుకు ఏడు లావాదేవీలు జరిగితే గొప్ప. 2017 ఆగస్టులో సెగ్‌విట్ అనే మార్పు వచ్చాక కొంత వెసులుబాటు దొరికింది గానీ, ప్రపంచంలోని చిల్లర బేరాలన్నీ పట్టేంత కాదు. ఉన్న కాస్త చోటు కోసం జరిగే పోటీలో, ఆ బ్లాక్‌లు తయారుచేసే మైనర్లకు ఇచ్చేదే ఫీజు. కొరియర్ వాళ్లు పార్సిల్ బరువు చూస్తారు గానీ లోపలున్న వస్తువు ఖరీదు చూడరు కదా, మైనర్ల పద్ధతీ అంతే. లావాదేవీ ఎన్ని బైట్లుందో చూస్తారు, ఎన్ని డాలర్లు మోస్తోందో చూడరు.

మామూలు లావాదేవీ ఒకటి, ఇప్పటి వాలెట్లు (క్రిప్టోను దాచి, పంపే యాప్‌లు) వాడే పద్ధతిలో, దాదాపు 140 వర్చువల్ బైట్లు (ఫీజు లెక్కకు వాడే కొలత, ఇకపై బైట్లు అందాం) ఉంటుంది. లెక్క సులువు కోసం బిట్‌కాయిన్ ధర లక్ష డాలర్లు అనుకుందాం. అప్పుడు బిట్‌కాయిన్‌లో పదికోట్లో వంతైన ఒక సతోషీ విలువ సెంటులో పదో వంతు. నెట్‌వర్క్ ఖాళీగా ఉండి బైటుకు 2 సతోషీలు సరిపోతే ఫీజు 280 సతోషీలు, అంటే 28 సెంట్లు. కాస్త రద్దీ ఉండి 10 సతోషీలు కావలిస్తే డాలర్ 40 సెంట్లు. బాగా రద్దీగా ఉండి వందకు చేరితే 14 డాలర్లు. కొన్నది రెండు డాలర్ల వస్తువైనా, రెండు లక్షల డాలర్ల ఇల్లయినా ఇదే ఫీజు. ఇల్లు కొనేవారికి ఇది లెక్కలోకే రాదు.

దీనికి ఇంకో మెలిక ఉంది, కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. వాలెట్‌లో కనిపించే బ్యాలెన్స్ ఒకే మొత్తంగా ఉండదు. ఎప్పుడెప్పుడు ఎంతెంత వచ్చిందో అన్ని విడివిడి ముక్కలుగా ఉంటుంది. చెల్లించేటప్పుడు ఆ ముక్కలను వాడాలి, ప్రతి ముక్కా లావాదేవీకి దాదాపు 68 బైట్లు జోడిస్తుంది. ఒకే ముక్కతో చెల్లిస్తే 140 బైట్లయ్యేది అయిదు ముక్కలు కలిపితే 410 దాటుతుంది. అంటే చిన్న చిన్న మొత్తాలుగా సంపాదించినవాళ్లు ఖర్చు పెట్టేటప్పుడు మూడు రెట్లు ఎక్కువ ఫీజు కట్టాలి.

అమ్మేవారి వైపు నుంచి చూస్తే ఇది ఇంకా దారుణం. రెండు డాలర్ల చొప్పున వంద అమ్మకాలు జరిగాయనుకోండి. కొన్నవాళ్లు వాళ్ల ఫీజులు వాళ్లు కట్టుకున్నారు, అమ్మినవారి చేతికి రెండువందల డాలర్లు వచ్చినట్టే. కానీ అవి వంద ముక్కలు. వాటన్నిటినీ కలిపి, క్రిప్టో కొని అమ్మే సంస్థ అయిన ఎక్స్ఛేంజ్‌కు పంపి నగదు చేసుకోవాలంటే ఆ ఒక్క లావాదేవీ దాదాపు 6,800 బైట్లవుతుంది. బైటుకు 10 సతోషీల లెక్కన 68 డాలర్లు. వచ్చినదాంట్లో మూడో వంతు! కార్డు కంపెనీ తినేదీ ఒక డాలర్ అమ్మకంలో మూడో వంతే అని పైన చూశాం. రద్దీ లేని వేళ చూసి, బైటుకు ఒక సతోషీకే పంపగలిగితే 7 డాలర్లలోపే అయిపోతుంది. అందుకే బిట్‌కాయిన్ తీసుకునే చిన్న వ్యాపారులు ఫీజులు పడిపోయేదాకా వారాల తరబడి ఎదురుచూస్తుంటారు. మరీ చిన్న ముక్కలైతే ఖర్చు పెట్టడానికే పనికిరావు. పాతరకం చిరునామాకు 546 సతోషీల కన్నా తక్కువ పంపే లావాదేవీని బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ 'డస్ట్' కింద లెక్కగట్టి ముందుకే పంపదు.

2010 మే 22న లాస్లో హన్యెజ్ పదివేల బిట్‌కాయిన్లతో రెండు పిజ్జాలు కొన్న ముచ్చట అందరూ చెప్పుకునేదే. అప్పట్లో ఫీజు గొడవే లేదు, ఎందుకంటే బ్లాక్‌లు ఖాళీగా ఉండేవి. చోటు నిండాక ఏమైందో స్టీమ్ గేమ్స్ దుకాణం అనుభవం చూపిస్తుంది. వాల్వ్ కంపెనీ 2016 ఏప్రిల్‌లో స్టీమ్‌లో బిట్‌కాయిన్ తీసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు ఒక్కో లావాదేవీకి ఫీజు 20 సెంట్ల దాకా ఉండేది. 2017 డిసెంబర్‌లో ఆపేసేటప్పటికి అది దాదాపు 20 డాలర్లు, చాలా గేముల ధర కన్నా ఎక్కువ. ఆ కంపెనీ చెప్పిన కారణాల్లో ఫీజు ఒక్కటే కాదు. డబ్బు చేరేలోపు బిట్‌కాయిన్ ధర మారిపోతే కొన్నవారికి మిగులు తిరిగివ్వాలి, లేదా ఇంకొంచెం పంపమని అడగాలి. ఏది చేసినా మళ్లీ ఇంకో లావాదేవీ, మళ్లీ ఫీజు. ఆ నెల చివరికి సగటు ఫీజు 50 డాలర్లు దాటింది. 2024 ఏప్రిల్ 20న, మైనర్లకు ఒక్కో బ్లాక్‌కు కొత్తగా దక్కే కాయిన్లు (బ్లాక్ రివార్డు) సగానికి తగ్గిన రోజునే రూన్స్ అనే కొత్త టోకెన్ల హడావుడి కూడా మొదలవడంతో, సగటు వంద డాలర్లు కూడా దాటింది. ఇలాంటి రోజులు అరుదే. కానీ దుకాణం నడిపేవారికి అరుదైన రోజు కూడా రోజే.

2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ క్యాష్ విడిపోవడానికి మూలం కూడా ఈ గొడవే. బ్లాక్ పెద్దది చేస్తే చిల్లర చెల్లింపులు చవకవుతాయని ఒక వర్గం, పెద్దది చేస్తే మామూలు కంప్యూటర్లలో నెట్‌వర్క్ నడపలేమని ఇంకో వర్గం పట్టుబట్టాయి. విడిపోయిన కాయిన్‌లో ఫీజులు నిజంగానే తక్కువ. లైట్‌కాయిన్, డోజ్‌కాయిన్‌లలోనూ తక్కువే, బ్లాక్‌లు కూడా త్వరగా వస్తాయి: మొదటిదాంట్లో రెండున్నర నిమిషాలకు ఒకటి, రెండోదాంట్లో నిమిషానికి ఒకటి. అయితే ఆ చవకలో కొంత భాగం అక్కడ జనం పలచగా ఉండటం వల్ల వచ్చిందేనన్నది మరచిపోకూడదు.

వేచి చూడటం, వెనక్కి ఇవ్వడం

ఫీజు సంగతి పక్కన పెట్టినా, చెల్లింపు పేజీలో ఇంకొన్ని చిక్కులున్నాయి. మామూలుగా జరిగేది ఇది: చెల్లింపులు చూసుకునే సంస్థ ఒక ఇన్‌వాయిస్ చూపిస్తుంది, దాంట్లో చిరునామా, కట్టాల్సిన మొత్తం, క్యూఆర్ కోడ్, కింద వెనక్కి లెక్కబెట్టే గడియారం ఉంటాయి. ధరను పావుగంట వరకే పట్టి ఉంచుతారు. ఆలోగా డబ్బు బయల్దేరాలి. వాలెట్ నుంచి నేరుగా పంపితే ఫర్వాలేదు. ఎక్స్ఛేంజ్ నుంచి నేరుగా పంపారో, టెన్షన్ మొదలు. కొన్ని ఎక్స్ఛేంజ్‌లు విత్‌డ్రాయల్ రుసుమును పంపే మొత్తం నుంచే కోసుకుంటాయి, కాబట్టి అమ్మినవారికి చేరేది ఇన్‌వాయిస్ కన్నా తక్కువ. ఇంకొన్ని అనేకమంది విత్‌డ్రాయల్స్‌ను కలిపి ఒకేసారి పంపుతాయి, ఈలోపు గడియారం సున్నాకు వచ్చేస్తుంది. రెండు సందర్భాల్లోనూ డబ్బు పోలేదు, వస్తువూ రాలేదు. కస్టమర్ కేర్‌కు రాసుకోవాలి.

చేరిన డబ్బును అమ్మేవారు ఎప్పుడు నమ్మాలన్నది మరో ప్రశ్న. లావాదేవీ నెట్‌వర్క్‌లో కనిపించడానికి సెకన్లు చాలు, బ్లాక్‌లోకి ఎక్కడానికి మాత్రం పది నిమిషాలో, ఒక్కోసారి గంటో పడుతుంది. కనిపించగానే వస్తువు ఇచ్చేస్తే, కొన్నవారు అదే డబ్బును ఎక్కువ ఫీజుతో తమకే మళ్లించుకోవచ్చు. ఫీజు పెంచి పాత లావాదేవీ స్థానంలో కొత్తది పెట్టే పద్ధతి 2016 నుంచి బిట్‌కాయిన్ కోర్‌లో ఉంది, 2024లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి అన్ని లావాదేవీలకూ వర్తించేలా డిఫాల్ట్ చేశారు. అయితే ఇక్కడ డిజిటల్ వస్తువులకు ఒక సౌలభ్యం ఉంది. సబ్‌స్క్రిప్షన్ అయితే వెంటనే ఇచ్చేసి, డబ్బు రాకపోతే ఆపేయొచ్చు. 2012 నవంబర్‌లో బ్లాగుల సేవ వర్డ్‌ప్రెస్.కామ్ బిట్‌కాయిన్ మొదలుపెట్టినప్పుడు సరిగ్గా ఈ లెక్కతోనే కన్ఫర్మేషన్ కోసం, అంటే లావాదేవీ బ్లాక్‌లోకి ఎక్కేదాకా, కస్టమర్‌ను ఆపకూడదని నిర్ణయించుకుంది. నాలుగు డాలర్ల సేవ విషయంలో మోసం జరిగినా పోయేది నాలుగు డాలర్లే, అదీ వెనక్కి లాక్కోగలిగిన సేవ.

రీఫండ్ ఇంకా ఇబ్బందికరం. డబ్బు ఏ చిరునామా నుంచి వచ్చిందో దానికే తిరిగి పంపితే సరిపోతుందనుకోవడం పొరపాటు. అది ఎక్స్ఛేంజ్‌ చిరునామా అయితే, తిరిగి వచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో వేయాలో ఎక్స్ఛేంజ్‌కు తెలియదు. పైగా, తిరిగి ఇవ్వాల్సింది కట్టిన రోజు డాలర్ల విలువా, కట్టిన కాయిన్ల సంఖ్యా? ముందే రాసిపెట్టకపోతే ధర పెరిగినప్పుడు కొన్నవారు ఒకటంటారు, తగ్గినప్పుడు ఇంకొకటంటారు. ఇక అమ్మినవారు మోసగాళ్లయితే చేసేదేమీ లేదు. వెనక్కి తీసుకోలేకపోవడం అమ్మేవారికి రక్షణ, కొనేవారికి గొడ్డలిపెట్టు. చిన్న మొత్తమే కదా అని సర్దుకుపోవచ్చు గానీ, చిన్న మొత్తాలతోనే బతికే మోసగాళ్లకు కావలసిందీ ఆ సర్దుబాటే.

మెరుపు దారి

2015లో జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా ప్రతిపాదించిన లైట్నింగ్ నెట్‌వర్క్ ఈ చిక్కును అసలు వేరు దగ్గర పట్టుకుంది. ప్రతి చిల్లర చెల్లింపునూ బ్లాక్‌లో రాయడం దేనికి? ఇద్దరు కలిసి కొంత బిట్‌కాయిన్‌ను ఇద్దరి సంతకాలూ ఉంటే తప్ప కదలని చోట పెడతారు. దాన్ని చానల్ అంటారు. ఆ తర్వాత తమ మధ్య ఎన్నిసార్లు డబ్బు మారినా, ఎవరి వాటా ఎంతన్న తాజా లెక్క మీద సంతకాలు మార్చుకుంటారంతే. మొదట ఒకసారి, చివర ఒకసారి మాత్రమే బ్లాక్‌చెయిన్‌కు, అంటే ఆ బ్లాక్‌ల వరుసకు, వెళ్లాలి. నేరుగా చానల్ లేని వాళ్లకు కూడా మధ్యలో ఉన్నవాళ్ల చానళ్ల మీదుగా డబ్బు పంపొచ్చు, మధ్యలోవాళ్లు కాజేయలేని విధంగా గణితపు తాళం ఉంటుంది. 2018 మార్చిలో అసలు డబ్బుతో వాడుకునే బీటా వచ్చింది. సతోషీలో వెయ్యో వంతు దాకా లెక్క నడుస్తుంది, చెల్లింపు సెకన్లలో పూర్తవుతుంది, దారి ఖర్చు చాలాసార్లు ఒకటి రెండు సతోషీలే. అయిదు సెంట్ల చెల్లింపుకు ఇంతకన్నా చక్కటి యంత్రం క్రిప్టోలో ఇంకోటి లేదని చెప్పినా అతిశయోక్తి కాదు.

అయితే దాన్ని సొంతంగా నడపడం మామూలు మనిషి పని కాదు. చానల్ తెరవడానికి బ్లాక్‌చెయిన్ ఫీజు కట్టాలి. డబ్బంతా మన వైపే ఉన్న చానల్‌లో మనం ఇంకా తీసుకోలేం, అవతలి వైపు కొంత ఉండాలి. కొత్తగా మొదలుపెట్టిన వ్యాపారి ముందుగా ఎదుర్కొనే సమస్య ఇదే: అమ్మడానికి వస్తువుంది, కొనడానికి మనిషి ఉన్నాడు, డబ్బు వచ్చే దారే లేదు. తీసుకునేవారు ఆ క్షణంలో ఆన్‌లైన్‌లో ఉండాలి. అవతలివారు పాత లెక్కతో చానల్ మూసి మోసం చేయకుండా కనిపెట్టుకుని ఉండాలి. ఇన్ని బాధలు ఎవరు పడతారు? అందుకే చాలామంది వాలెట్ ఆఫ్ సతోషీ లాంటి కస్టోడియల్ వాలెట్లకు పోయారు. వాటిలో డబ్బు కంపెనీ చేతిలో ఉంటుంది, వాడేవారికి కనిపించేది ఆ కంపెనీ రిజిస్టర్‌లోని ఒక అంకె. ఒకే వాలెట్ వాడే ఇద్దరి మధ్య చెల్లింపు జరిగితే లైట్నింగ్ కూడా అక్కర్లేదు, ఆ రిజిస్టర్‌లో రెండు వరుసలు మారితే చాలు.

అంటే చిన్న చెల్లింపుల కోసం తీసేసిన మధ్యవర్తి, అదే చిన్న చెల్లింపుల పేరు చెప్పి తిరిగి వచ్చాడు. ఇది కుట్రా కాదు, చేతకానితనమూ కాదు. ఒక్కో చెల్లింపుకూ స్థిరమైన ఖర్చున్న ఏ వ్యవస్థలోనైనా చిల్లర నడవాలంటే చాలా చెల్లింపులను ఒకచోట కలిపి, అప్పుడప్పుడూ ఒకసారి తేల్చుకోవాలి. కలిపే ఆ చోట ఎవరో ఒకరు లెక్క రాయాలి. లైట్నింగ్ గొప్పతనమల్లా ఆ లెక్క రాసేవారిని నమ్మక్కర్లేకుండా చేయడం. అంత శ్రమ పడలేనివాళ్లు నమ్మకాన్నే ఎంచుకున్నారు.

మొదట్లో చెప్పిన ధర నిలకడగా ఉండే కాయిన్ల, అంటే స్టేబుల్‌కాయిన్‌ల, వైపు చూసినా కథ ఇంతే, దారి వేరు. 2014లో వచ్చిన టెథర్, 2018లో వచ్చిన యూఎస్‌డీసీ డాలర్‌తో సమానంగా నడుస్తాయి, కాబట్టి ఇన్‌వాయిస్‌కు గడియారం పెట్టే అవసరం పోయింది. మొదట్లో ఇథీరియం అనే ఇంకో క్రిప్టో నెట్‌వర్క్ మీద వాటిని పంపడం ఖరీదైన వ్యవహారం. 2024 మార్చి 13న డెన్‌కన్ అప్‌గ్రేడ్ వచ్చాక, ఇథీరియం మీద ఆధారపడి నడిచే లేయర్-2 నెట్‌వర్క్‌లలో ఫీజు సెంట్లలోకి, కొన్నిచోట్ల సెంటులోపుకు దిగింది. సొలానా అనే మరో నెట్‌వర్క్‌లో మూల ఫీజు దాని సొంత కాయిన్ సోల్‌లో 0.000005 మాత్రమే. అంటే ఫీజు సమస్య ఇక్కడ దాదాపు తీరిపోయినట్టే.

దాని స్థానంలో వేరే గందరగోళం వచ్చింది. ఒకే పేరున్న టోకెన్ అనేక నెట్‌వర్క్‌ల మీద ఉంటుంది. అమ్మేవారు ఒక నెట్‌వర్క్‌లో అడిగితే కొనేవారి దగ్గర ఇంకో నెట్‌వర్క్‌లో ఉంటుంది, మార్చుకోవాలంటే మళ్లీ ఖర్చు. చేతిలో పది డాలర్ల యూఎస్‌డీసీ ఉన్నా, ఫీజు కట్టడానికి ఆ నెట్‌వర్క్ సొంత కాయిన్ కొంచెం లేకపోతే ఒక్క సెంటు కూడా కదలదు. ఆ ఫీజును వేరేవాళ్లు కట్టిపెట్టే ఏర్పాట్లు వచ్చాయి. కట్టిపెట్టేవాళ్లు ఎవరు? మళ్లీ ఒక కంపెనీ. టోకెన్ వెనుక ఉన్న డాలర్లను దాచేదీ కంపెనీయే, అవసరమైతే ఒక చిరునామాను స్తంభింపజేయగలిగేదీ కంపెనీయే. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ కూలినప్పుడు యూఎస్‌డీసీ నిల్వల్లో 330 కోట్ల డాలర్లు అందులో ఇరుక్కున్నాయని తెలిసి, ఒక డాలర్ టోకెన్ 88 సెంట్ల దాకా పడిపోయింది. రెండు మూడు రోజుల్లో కోలుకుంది.

2018లో బిట్‌కాయిన్ చెల్లింపులకు స్వస్తి చెప్పిన ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ స్ట్రైప్, 2024లో తిరిగి వచ్చింది స్టేబుల్‌కాయిన్లతోనే. ఆ సేవకు అది పెట్టిన రుసుము 1.5 శాతం. దాని మీద 30 సెంట్లు లేవు. చిల్లర అమ్మకాల కోణంలో చూస్తే ఈ ఒక్క వాక్యంలోనే అసలు మార్పు ఉంది: రెండు డాలర్ల అమ్మకం మీద కార్డుకు 36 సెంట్లు దాకా పోయేచోట ఇక్కడ 3 సెంట్లు. మధ్యవర్తి ఉన్నాడు, స్థిర రుసుము లేదు. బిట్‌కాయిన్ పత్రం కోరుకున్నదానికి ఇది పూర్తిగా తిరగేసిన రూపం.

వాలెట్‌లోకి రావడానికే ఖర్చు

పైన చెప్పిందంతా క్రిప్టో అప్పటికే చేతిలో ఉన్నవాళ్ల లెక్క. లేనివాళ్లు ముందు కొనాలి. ఎక్స్ఛేంజ్‌లో ఖాతా తెరవాలి, గుర్తింపు పత్రాలు ఇవ్వాలి, బ్యాంకు నుంచి డబ్బు పంపాలి, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా భరించాలి, ఆ తర్వాత బయటికి పంపడానికి విత్‌డ్రాయల్ రుసుము కట్టాలి. ఈ చివరిది సాధారణంగా మొత్తంతో నిమిత్తం లేకుండా స్థిరంగా ఉంటుంది, దానికి తోడు కనీస మొత్తం ఇంత ఉండాలన్న షరతు. అయిదు డాలర్ల గేమ్ కోసం ఈ ప్రయాణమంతా చేయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఒకేసారి యాభయ్యో వందో తెచ్చుకుని, నెలల తరబడి కొద్దికొద్దిగా వాడుకుంటే తప్ప గిట్టదు. చెల్లింపు నెట్‌వర్క్ ఫీజుల గురించి ప్రకటనలు ఊదరగొడతాయి. అసలు జేబుకు చిల్లు పడేది మాత్రం ఈ దారిలోనే.

పన్ను కూడా ఉంది. అనేక దేశాలు క్రిప్టోను కరెన్సీగా కాకుండా ఆస్తిగా చూస్తాయి. అమెరికా పన్ను శాఖ 2014లోనే అలా ప్రకటించింది. దాని ప్రకారం క్రిప్టోతో ఏదైనా కొనడమంటే, ఆ మేరకు ఆస్తిని అమ్మినట్టు. ఒకప్పుడు డాలర్‌కు కొన్న ముక్క ఇవాళ నాలుగు డాలర్లయి, దాంతో నాలుగు డాలర్ల ఈబుక్ కొంటే మూడు డాలర్ల లాభం వచ్చినట్టు లెక్క చూపాలి. ఎప్పుడు, ఎంతకు కొన్నారో రాసిపెట్టుకోవాలి. చిన్న మొత్తాలకు మినహాయింపు ఇవ్వాలంటూ 2017 నుంచి అక్కడి చట్టసభలో పలుసార్లు బిల్లులు పెట్టారు. స్టేబుల్‌కాయిన్‌కు లాభం దాదాపు సున్నా కాబట్టి కట్టాల్సింది ఉండదు, లెక్క చూపే పని మాత్రం తప్పకపోవచ్చు.

గోప్యత కోసం క్రిప్టో వాడతామనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. కార్డుతో కొంటే బ్యాంకుకూ దుకాణానికీ తెలుస్తుంది. బిట్‌కాయిన్‌తో కొంటే లావాదేవీ ఎప్పటికీ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. మూడు వేల డాలర్ల ముక్క నుంచి మూడు డాలర్లు చెల్లిస్తే, మిగిలిన 2,997 డాలర్లు ఏ చిరునామాకు వెళ్లాయో దుకాణదారుడు చూడగలడు. చెల్లించింది ఎవరో అతనికి ఈమెయిల్ ద్వారా తెలుసు. చిల్లర వస్తువు కోసం ఎవరూ తమ బ్యాంక్ పాస్‌బుక్ అమ్మేవారికి చూపించరు, ఇక్కడ తెలియకుండానే చూపించేస్తున్నారు. మొనీరో లాంటి కాయిన్లు ఈ వివరాలను దాచేస్తాయి, కానీ వాటిని చాలా ఎక్స్ఛేంజ్‌లు తీసేశాయి. చిన్న ఖర్చుకు వేరే వాలెట్ పెట్టుకుని, అందులో కొద్ది మొత్తమే ఉంచడం కనీస జాగ్రత్త.

ఇన్ని ఉన్నా ఇది నిలదొక్కుకున్న చోట్లు కొన్ని ఉన్నాయి. ఇంటర్నెట్‌లో మన ఆచూకీ దాచిపెట్టే సేవ ముల్వాద్ వీపీఎన్ సంగతే చూడండి. నెలకు 5 యూరోలు, ఖాతా తెరవడానికి ఈమెయిల్ కూడా అడగరు, ఒక అంకె ఇస్తారు. బిట్‌కాయిన్, మొనీరో తీసుకుంటారు, క్రిప్టోతో కడితే 10 శాతం తగ్గింపు కూడా ఇస్తారు. ఇక్కడ కొనేవారికి గోప్యత కావాలి, వస్తువు డిజిటల్, ఒకేసారి కొన్ని నెలలకు కట్టొచ్చు. అన్నీ అనుకూలమే. వర్డ్‌ప్రెస్.కామ్ 2012లో చెప్పిన కారణం ఇంకోటి: పేపాల్ ఒక్కటే 60కి పైగా దేశాలను బయట ఉంచిందని. కార్డు చేరని చోట, చేరినా విదేశీ చెల్లింపులు తిరస్కరించే చోట ఫీజు ఎంతన్నది రెండో ప్రశ్న అవుతుంది. సాఫ్ట్‌వేర్ పనికి జీతమే స్టేబుల్‌కాయిన్‌లో తీసుకునేవాళ్లకు కూడా ఇది తేలిక, ఎందుకంటే వాలెట్‌లోకి తెచ్చే ఖర్చు వాళ్లకు లేదు. మిగతావాళ్లకు, చక్కగా పనిచేసే కార్డో బ్యాంకు యాపో చేతిలో ఉన్నప్పుడు, చిల్లర కొనుగోలుకు క్రిప్టో వాడటం సరదాకే తప్ప ఆదాకు కాదు.

అసలు ఫీజు సున్నా అయితే చిల్లర చెల్లింపులు వెల్లువెత్తుతాయా అన్నది క్రిప్టో కన్నా పాత ప్రశ్న. 1989లో డేవిడ్ చామ్ స్థాపించిన డిజిటల్ డబ్బు కంపెనీ డిజిక్యాష్ 1998లో దివాలా తీసింది. ఆ రోజుల్లోనే, డిజిటల్ డబ్బు మీద రాస్తూ వచ్చిన నిక్ సాబో ఒక మాట అన్నాడు: ప్రతి చిన్న చెల్లింపుకూ 'ఇది ఈ ధరకు తగునా' అని మనసులో బేరీజు వేసుకోవడమే ఒక ఖర్చు, దాన్ని ఏ సాంకేతికతా తగ్గించలేదని. ఒక్కో వ్యాసానికి రెండు సెంట్లు అడిగే పత్రిక కన్నా నెలకింత అని తీసుకునే పత్రికే పాఠకుడికి హాయి. సోషల్ మీడియాలో బిట్‌కాయిన్ టిప్స్ ఇచ్చుకునే సేవగా పేరు తెచ్చుకున్న చేంజ్‌టిప్ 2016లో మూతపడింది. టిప్స్ ఇప్పుడు నాస్టర్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో 'జాప్' పేరుతో లైట్నింగ్ మీద నడుస్తున్నాయి. అక్కడ డబ్బు ఇవ్వడం వస్తువు కొనడం లాంటిది కాదు, మెచ్చుకోలు లాంటిది, కాబట్టి బేరీజు గొడవ లేదు.

మనసు అనేదే లేని కొనుగోలుదారు వస్తే? ఇప్పుడు ప్రయత్నాలు అటు మళ్లాయి. వెబ్ ప్రమాణాల్లో 402 అనే కోడ్ ఒకటి 1990ల నుంచి ఖాళీగా పడి ఉంది, దాని అర్థం 'డబ్బు కట్టాలి' అని. భవిష్యత్తులో వాడుకోవడానికని ఉంచి, వాడనే లేదు. 2020లో లైట్నింగ్ ల్యాబ్స్ అనే కంపెనీ దాన్ని లైట్నింగ్ ఇన్‌వాయిస్‌తో జోడించింది. 2025 మేలో కాయిన్‌బేస్ అనే ఎక్స్ఛేంజ్ ఎక్స్402 పేరుతో స్టేబుల్‌కాయిన్లతో జోడించింది. ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను సమాచారం అడుగుతుంది. ధర ఇంత అని 402తో జవాబు వస్తుంది. మొదటిది కట్టేస్తుంది, సమాచారం తీసుకుంటుంది. ఖాతా తెరవడం, కార్డు నంబర్ ఇవ్వడం, నెలవారీ ప్లాన్ ఎంచుకోవడం ఏదీ లేదు. సెంటులో పదో వంతు ధరకు ఏఐ ఏజెంట్లు డేటా కొనడం దీని ఉద్దేశం. మనిషి చేసేది ఆ వాలెట్‌లో కొంత వేసి, ఒక్కోసారికి ఇంతకు మించొద్దని హద్దు పెట్టడం. పనికిరాని సమాచారానికి ప్రోగ్రామ్ డబ్బు కట్టేస్తే వెనక్కి రప్పించే దారి ఇక్కడా లేదు కాబట్టి, పోయినా బాధ లేని మొత్తమే ఆ వాలెట్‌లో వేయాలి.